ఆ నడుముకి కీలు యాడుంది?

పోయిన ఫెస్ట్ పోస్టర్ నేనే గీశాను. కరువు మీద పోరాడే సూపర్ హీరోయిన్. వెనక ఎండిన చెరువు, వాడిపోయిన శెనక్కాయ చేను, ఆమె చేతిలో మెరుపు. గీశాక నాకే ముచ్చటేసింది. ఒక జూనియర్ అమ్మాయి చాలాసేపు చూసి, "అన్నా, ఈయమ్మ యా పక్కకి తిరిగుంది?" అని అడిగింది. ముఖం మనవైపు, ఛాతీ మనవైపు, నడుము కిందంతా వెనక్కి. "ఇట్ల నిలబడి గుద్దితే ముందు పడేది ఈయమ్మే కదన్నా!"

నవ్వేశాం. రాత్రి హాస్టల్లో మా రూమ్మేట్‌ని అదే పోజులో నిలబెట్టి చూశా. మూడు సెకన్లు కూడా నిలబడలేదు వాడు. గురుత్వ కేంద్రం గురించి ఫస్టియర్లో పేజీలు పేజీలు రాసిన చెయ్యే ఆ బొమ్మా గీసింది.

ఆ పోజు నేను కనిపెట్టింది కాదు, అమెరికన్ కామిక్స్ చూసి చూసి చేతికి అంటుకుంది. 2014లో మార్వెల్ 'స్పైడర్ ఉమన్' మొదటి సంచికకి ఇటలీ చిత్రకారుడు మిలో మనారాతో ఒక ప్రత్యేక ముఖచిత్రం వేయించింది. ఆమె బిల్డింగ్ ఎక్కుతోంది. కానీ మన కళ్లకి ముందు కనపడేది ఎక్కడం కాదు, పైకి లేపిన పిరుదులు. పెద్ద గొడవే అయింది. అంతకు ముందే, 2012 చివర్లో, 'హాకై ఇనిషియేటివ్' పేరుతో కొందరు ఆర్టిస్టులు ఆడ హీరోల పోజుల్లో మగ హీరో హాకైని గీయడం మొదలుపెట్టారు. చూస్తే నవ్వాగదు. మగాడికి పెడితే కామెడీ అయ్యేది, ఆడమనిషికి పెడితే ఇన్నేళ్లూ మామూలుగా ఎట్లా కనపడింది నాకు?

"మన లేపాక్షిలో లేవా?" అన్నాడు రూమ్మేట్. (2022లో జిల్లా మారినా లేపాక్షి మాకు మాదే.) ఉన్నాయి. నాట్యమండపంలో రంభ ఒళ్లు వంచే ఉంటుంది. కానీ ఆమె నాట్యం చేస్తోంది, చుట్టూ వాద్యగాళ్లున్నారు. ఆ వంపు ఆమె పనిలోది. మూడుకాళ్ల భృంగి ఎముకల లెక్కకి అందడు, అయినా ఆ మూడో కాలికి ఒక కథ ఉంది. నా హీరోయిన్ నడుముకి ఏ కథా లేదు. చూసేవాడి కోసం తిప్పాను, అంతే.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలు చూడండి. 2020 సంవత్సరపు పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారి ఊరు. మేకతోలు ముక్కల్ని భుజం దగ్గర, మోచేతి దగ్గర విడిగా కట్టేది ఎందుకంటే, ద్రౌపది చెయ్యెత్తితే ఆ కోపం తెర అవతలికి తెలియాలి కాబట్టి. మన ఆటంతా పవిత్రం అని కాదు నేననేది. బంగారక్క, జుట్టుపోలిగాడి మాటలు ఇంట్లో చెప్పుకునేవి కావు. కానీ వాళ్లు మోటు సరసాన్ని మోటు సరసంగానే ఆడతారు. లోకాన్ని కాపాడుతున్నామని చెప్పి నడుము తిప్పి నిలబెట్టరు.

బట్టల మీద నాకు పేచీ లేదు. 2016లో ఐక్యరాజ్యసమితి వండర్ ఉమన్‌ని గౌరవ రాయబారిని చేస్తే, ఆ డ్రెస్సు, ఆ ఆకారం ఏందని ఉద్యోగులే అభ్యంతరం చెప్పారు. రెండు నెలలకే ముగించేశారు. నిండా చీర కట్టించినా అదే వంకరలో గీయొచ్చు. ఆ పని నేనూ చేశాను.

ఈసారి పోస్టర్‌కి మళ్లీ ఆమెనే గీస్తున్నా. రెండు పాదాలూ నేల మీద, మోకాళ్లు కొంచెం వంచి, బోరు పైపులు లాగే మనిషి నిలబడినట్టు. జూనియర్‌కి చూపించా. "చేతులు ఇంకా సన్నంగుండాయన్నా" అంది.

దిద్దుతున్నా.