పగిలిన అద్దం ఎవరి ఖాతాలో?

సాల్మియాలో మా బిల్డింగు పార్కింగులో మావాడు చేతిలో ఉన్న స్టీలు గ్లాసు విసిరాడు. పక్కనున్న కారు వెనక అద్దం పగిలింది. వాడికి పదకొండేళ్ళు, ఆటిజం. హారన్ మోగితే బెదిరిపోతాడు. కారాయన కేకలేసింది వాడి మీద కాదు, వాడి చెయ్యి పట్టుకున్న ఆయా మీద. రాయచోటి దగ్గర పల్లె ఆవిడది. "సార్, నా జీతంలో పట్టుకోండి" అని ఆవిడే అంది.

అద్దం ఖరీదు 70 దినార్లు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి 2016లో ఇక్కడ నిర్ణయించిన కనీస వేతనం నెలకి 60. సిగ్గుతో చెప్తున్నాను, ఒక్క క్షణం నాకూ ఆ మాట సబబుగానే తోచింది.

మనవైపు ఇలాంటివి "పిల్లాడు కదా, పోనీలెండి" అనే మాటతో పోతాయి. ఇండియాలో ఇంగ్లీషు వాళ్ళ సంప్రదాయం ప్రకారం తండ్రి అయినంత మాత్రాన బాధ్యుడు కాడు, అతని నిర్లక్ష్యాన్ని నష్టపోయినవాడు చూపించాలి. కువైట్‌లో వరస తిరగబడుతుంది. 1980 నాటి సివిల్ కోడు ప్రకారం, మైనరు గానీ, మానసిక, శారీరక స్థితి వల్ల కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషి గానీ నష్టం చేస్తే, చట్టం వల్లో ఒప్పందం వల్లో అతన్ని చూసుకోవాల్సినవాళ్ళు కట్టాలి. తగిన జాగ్రత్త తీసుకున్నామని, లేదా తీసుకున్నా నష్టం ఆగేది కాదని రుజువు చేసుకుంటే తప్ప.

"ఒప్పందం అంటే ఆయాయే కదా!" అన్నాడో మిత్రుడు. నేనొప్పుకోను. పార్కింగులో వాడు బెదురుతున్నాడని ఆవిడ నాకు రెండుసార్లు చెప్పింది. వంటా, ఇల్లూ చూసుకున్నాక తన ఎత్తున్న పిల్లాణ్ణి ఒంటరిగా కిందకి తీసుకెళ్ళమన్నది నేను. జాగ్రత్త లోపించింది నా దగ్గర.

స్కూలు సంగతి వేరు. శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నారని ఫీజు తీసుకునేవాళ్ళు ఆ గంటలకి జవాబుదారీగా ఉండాలి. కానీ మావాడి స్కూలు ఫారంలో, ఏం పగిలినా తల్లిదండ్రులదే ఖర్చని ఉంది. చదవకుండా సంతకం పెట్టాను (ఆఫీసులో కాంట్రాక్టులు చదవడమే నా ఉద్యోగం!). మీరు పెట్టకండి.

వికలాంగుల కోసం 2010లో వచ్చిన 8వ చట్టంలోని సాయం ప్రధానంగా కువైటీలకే. మనబోటివాళ్ళకి మిగిలేది మన సంఘాలే. ఉగాదికి సినిమావాళ్ళని రప్పించే ఖర్చులో కొంత తీసి, నెలకో సాయంత్రం అరబిక్ వచ్చిన లాయరుని కూర్చోబెట్టండి. ఇలాంటి నష్టాలకి చిన్న ఉమ్మడి నిధి పెట్టండి. అందులో సభ్యత్వం మనకే కాదు, అబ్బాసియాలో గదికి ఆరుగురుండే మనవాళ్ళకీ ఇవ్వండి. నా వంతు నేనిస్తాను.

70 దినార్లు నేనే కట్టాను. ఆయాకి ఆ నెల జీతం పూర్తిగా ఇచ్చాను. పార్కింగుకి ఇప్పుడు ముగ్గురం కలిసి దిగుతున్నాం.