కళ్లతో రెండు, చెవులతో మూడు

ఈ రెండు నెలల్లో ఐదు నవలలు పూర్తి చేశాను. రెండు కళ్లతో, మూడు చెవులతో. 'చెవులతో చదవడమేమిటండీ, విన్నానని చెప్పండి' అని మా వీధిలో ఉండే ఒక రిటైర్డు తెలుగు పండితుని అభ్యంతరం. ఆయన లెక్కలో పుస్తకమంటే చేతిలో బరువుండాలి, మూల మడత పెట్టాలి, అడుగున పెన్సిలు గీత పడాలి. నా లెక్క వేరు. నవల అయిపోయిన మూడో రోజున అందులోని మనిషి ఒక్కడైనా ఇంకా మన వెంట తిరుగుతున్నాడా లేదా అని చూసుకుంటాను. ఆ తక్కెడలోనే ఐదింటినీ వేస్తున్నాను. పెద్దవాళ్ల పేర్లున్నాయని మొహమాటపడితే ఈ శీర్షిక రాసి లాభం లేదు.

ముందు కళ్లతో చదివినవి. పెద్దింటి అశోక్‌కుమార్ 'జిగిరి' చిన్న నవల. ఆయనది మా పక్కనున్న సిరిసిల్ల ప్రాంతమే. ఎలుగుబంటిని ఆడించి పొట్టపోసుకునే ఇమాం, అతని భార్య బీబమ్మ, కొడుకు చాంద్... ఆ ఇంట్లో నాలుగో ప్రాణం షాదుల్ అనే ఎలుగు. దాన్ని వదిలించుకుంటే భూమి వస్తుందన్న ఆశ ఇంట్లోకి అడుగుపెడుతుంది. ఇక అక్కణ్నుంచి తండ్రికీ కొడుక్కీ పొసగదు. ముగింపు చెప్పను. చాంద్‌ను దుర్మార్గుడిగా చూపకపోవడం నాకు నచ్చింది. వాడి వైపు నుంచి చూస్తే వాడు అడిగేదీ న్యాయమే. నాలుగెకరాలున్న ఇంట్లో పుట్టినవాళ్లం మనం, మనకేం తెలుసు ఎలుగు వెంట ఊరూరా తిరిగే పిల్లవాడి సిగ్గు? ఒక్క కూర్చోపులో అయిపోయింది. మూడో రోజున కాదు, పదో రోజున కూడా షాదుల్ నా వెంటే ఉంది.

రెండోది వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', 1955లో వచ్చింది. చదవడం ఇది రెండోసారి. వెట్టి, దొరల దౌర్జన్యం, నిజాం కాలపు పల్లె... తెలంగాణ నవల అనగానే అందరూ మొదట చెప్పే పుస్తకం. ఆ గౌరవం దానికి తగినదే. కానీ ఉన్న మాట చెప్పాలి. కథానాయకుడు కంఠీరవం మరీ మంచివాడు. తప్పు చేయడు, తడబడడు, పైగా సందు దొరికితే ఉపన్యాసం. అతను మాట్లాడుతున్న పేజీల్లో నాకు నిద్ర వచ్చింది. అతను లేని పేజీల్లో, ఊరి జనం తమలో తాము గుసగుసలాడుకునే చోట్ల, నిద్ర ఎగిరిపోయింది. అయినా ఈ రచయిత మీద కోపం రాదు. దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చు వేయించి, ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. జైలు చూసిన మనిషి. చెప్పాల్సింది ఎక్కువ, దొరికిన సమయం తక్కువ. 1961లో నడివయసులోనే పోయారు. దీని తరువాతి కథ 'గంగు' ఆయన పోయిన తరువాతనే పుస్తకమైంది.

ఇక చెవుల సంగతి. ఇది కాస్త పొడుగు.

విశ్వనాథవారి 'వేయిపడగలు' చదవాలని కాలేజీ రోజుల నుంచి అనుకుంటున్నాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ నూరో పేజీ దగ్గర దించేశాను. ఈసారి ఫోన్‌లో దొరికితే విన్నాను. పొద్దున కోమటిచెరువు కట్ట మీద నడుస్తూ కొంత, హైదరాబాద్ ప్రయాణాల్లో కొంత. 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలు వచ్చాక, నాలాంటివాడికి కిటికీ పక్క సీటూ చెవిలో నవలా రెండూ కుదిరాయి. విశ్వనాథ ఈ నవలను చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసుకుపోయారు. నోటితో పుట్టిన నవల కాబట్టి చెవికి ఎక్కుతుందన్న నా ఆశ సగం నిజమైంది. కాగితం మీద కళ్లు తిరిగేలా చేసే ఆ దీర్ఘ వాక్యాలు, చదివేవారికి ఊపిరి ఉంటే, పారే నీళ్లలా సాగుతాయి. సుబ్బన్నపేట గుడి, కోట, ఊరు కళ్లకు కట్టాయి. కానీ మనుషులు మాత్రం కలగాపులగమయ్యారు. నాలుగు రోజుల కింద వచ్చిన ఒకడు మళ్లీ ప్రత్యక్షమైతే వీడెవడని వెనక్కి వెళ్లి చూడటానికి చెవికి పేజీలు లేవు. వినదలచినవారు ఒక కాగితం మీద పేర్లు రాసుకోండి, నేను చివరికి అదే చేశాను. నవల గురించి ఏమంటారా? ధర్మారావు బాధ నిజమైనదే. ఒక లోకం కూలిపోతుంటే చూస్తూ నిలబడ్డ మనిషి బాధ. కానీ ఆ లోకంలో అందరికీ ఒకే రకం చోటు లేదన్న సంగతి ఆయనకు బాధగా తోచదు. 'ప్రజల మనిషి' చదివిన నెలలోనే ఇది వినేసరికి ఆ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపించింది.

అసలు ఈ చెవుల చదువు మా ఇంటికి రావడానికి కారణం మా అమ్మ. ఎనభై దాటాయి. ఐదో తరగతి దాకానే చదివినా వారపత్రికల సీరియళ్లు ఒక్కటి వదిలేది కాదు. యద్దనపూడి నవలల కోసం మా చిన్నమ్మతో పోటీలు పడేది. ఐదారేళ్ల నుంచి చూపు తగ్గింది. శుక్లాల ఆపరేషన్ రెండు కళ్లకూ అయింది కానీ, నరం దెబ్బతిన్నదని, ఇక అచ్చు అక్షరం ఆనదని డాక్టరు చెప్పాడు. ఆ రోజు నుంచి ఇంట్లో టీవీ తప్ప కథ లేదు. టీవీ సీరియళ్ల మీద ఆమెకు సదభిప్రాయం లేదు. 'ఒక్క ముచ్చటను మూడు వారాలు సాగదీస్తరు' అంటుంది. సీరియళ్లు చదివి పెరిగిన మనిషి అంటున్న మాట ఇది, గమనించండి.

అందుకని దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' వినిపించాను. ఒక యాప్‌లో దొరికింది. పేరెందుకు గానీ, చదివినవాళ్ల గొంతు బాగుంది. స్పష్టమైన ఉచ్చారణ. రేడియో వార్తల్లా ఒక్క అక్షరం జారదు. అమ్మ పది నిమిషాలు విని, 'బంద్ చెయ్యి కొడుకా' అంది.

ఏమైందమ్మా అంటే ఆమె చెప్పింది విని నేను నోరు తెరిచాను. దొర ముందు నిలబడ్డవాడు 'బాంచెన్ దొరా, కాల్మొక్త' అనే చోట, చదువుతున్నాయన నాటకంలో లాగా గొంతెత్తి అన్నాడట. 'గంత గట్టిగ అంటరా? ఆ మాట నోట్లెనే మింగుతరు. ఇనపడితే ఇనపడ్డది, లేకుంటె లేదు. దొరకు ఇనపడుడు కాదు, మనం వంగుడు కనపడాలె.' చిన్నప్పుడు తన కళ్లతో చూసిన మనిషి చెప్పాక ఇక మనం అనేదేముంది?

కాగితం మీద ఆ మాట చదివినప్పుడు ఎంత గట్టిగా అనాలో పాఠకుడే తేల్చుకుంటాడు. తెలిసినవాడు లోలోపల మెల్లగానే అనుకుంటాడు. చెవికి వచ్చేసరికి ఆ తీర్పు చదివేవాడి చేతిలోకి పోతుంది. గొంతు తప్పితే ఇంత పెద్ద నవలా బొంకైపోతుంది. శ్రవణ పుస్తకాల గురించి మాట్లాడేవాళ్లు ధర, నిడివి, బొమ్మ చెబుతారు. ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. ఈ సంగతి విని, 'బాపమ్మా, నేను చదివి పంపుత తీ' అంది. మాట వరసకు అన్నదనుకున్నాను. వారం తిరక్కుండా ఫోన్‌లో మొదటి అధ్యాయం దిగింది. పన్నెండు నిమిషాలు. వెనక ఫ్యాను చప్పుడు, మధ్యలో కుక్కరు విజిలు, హాస్టల్‌లో ఎవరిదో నవ్వు. అయినా అమ్మ కదల్లేదు. అక్కడక్కడ మనవరాలికి మాటలు పట్టుబడలేదు. ఈ తరానికి గడీ తెలుసు, సినిమాల్లో చూశారు. ఆడబాప అంటే తెలియదు. దొర ఇంటి ఆడపిల్ల పెళ్లయి పోతుంటే వెంట పంపే దాసి అని అమ్మ ఫోన్‌లో చెప్పాల్సి వచ్చింది. చెప్పి కాసేపు ఊరుకుంది. తరువాత మా ఊళ్లో అలా వచ్చిన ఒకామె సంగతి చెప్పింది. యాభై ఏళ్లుగా ఆమె కొడుకుగా ఉన్న నాకు ఆ ముచ్చట అదే మొదటిసారి వినడం.

సరే, నవల. 1969లో వచ్చింది. విజయవాడ వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన సంగీతగాడు సారంగపాణి కళ్లతో నిజాం కాలపు తెలంగాణ పల్లెను చూస్తాం. దొర, కరణం, వెట్టి, ఆడబాప... అన్నీ అతనికి కొత్త, కాబట్టి మనకూ చెబుతారు. మాటలు మన మాటలే. ఆ రోజుల్లో నవలలో ఇంత తెలంగాణ మాట పెట్టడానికి ధైర్యం కావాలి. దొర, దొర కూతురు మంజరి, ఆడబాప వనజ ఉన్న ఘట్టాలు ఇప్పటికీ వేడిగా ఉన్నాయి. ప్రేమ వ్యవహారం మాత్రం నాకు పలచగా అనిపించింది. పాట విని మనసు పారేసుకునే పద్ధతి సినిమాల్లో అరిగిపోయింది కదా.

అమ్మ తీర్పు నాకంటే కఠినం. 'మంచిగున్నది గని, పాటలు పాడెటోడు రాకుంటె మనోళ్లకు నోరు లేచేది కాదా?' అంది. విమర్శకులు పేజీలకు పేజీలు రాసే సంగతి ఒక్క ముక్కలో తేల్చింది. నేను రచయిత పక్షాన వాదించాను. బయటివాడు చూస్తేనే లోపలి సంగతి వింతగా కనబడుతుంది, లంబాడీల తిరుగుబాటును పాణి నడపలేదు కదా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు.

మన దిక్కు కథ వినడం కొత్తేం కాదు. కొమురవెల్లి మల్లన్న జాతరకు సంక్రాంతి నుంచి ఉగాది దాకా వచ్చే ఆదివారాల్లో పోయి చూడండి. ఒగ్గు పూజారులు పట్నం వేసి మల్లన్న కథ చెబుతుంటే జనం గంటల తరబడి కూర్చుంటారు. అక్కడ కథకుడు ఒంటరివాడు కాదు. పక్కన వంత పాడేవాడుంటాడు. అడుగుతాడు, ఎగతాళి చేస్తాడు, 'అట్లనా' అంటాడు. వినేవాళ్ల తరఫున మాట్లాడేవాడు వాడే. ఫోన్ నవలలో వాడే కరువు. మనం నిద్రపోయినా అది చదువుకుంటూనే పోతుంది. మా ఇంట్లో ఆ కొలువు నాకు దక్కింది. అమ్మ వింటుంటే పక్కన కూర్చుని ఊ కొడతాను. ఆమె 'ఆపు' అంటే ఆపుతాను. పన్నెండు నిమిషాల అధ్యాయానికి మాకు ముప్పావు గంట పడుతుంది.

ఇదంతా చదివి, మన యాస ఉంటేనే మనకు నచ్చుతుందని మీరనుకుంటే ఐదో నవల దగ్గర ఆగండి. డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. ఆయన పుట్టింది చిత్తూరు జిల్లాలో. కుష్ఠువ్యాధి వైద్యుడిగా పనిచేసింది నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో. 2015లో పోయారు. పందుల కాపరి అయిన ఒక ముసలాయన. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. ఒక్క రాత్రి. అంతే కథ. హెమింగ్వే ముసలివాడు సముద్రం మీద చేపతో చేసిన పోరాటం గుర్తొస్తుందని చాలామంది అంటారు. నాకు గుర్తురాలేదు. ఈ ముసలాయనకు అడవి శత్రువు కాదు, దాని ప్రతి చప్పుడూ తెలుసు, తెలిసి కూడా నిస్సహాయుడు. ఒక్క మనిషి, ఒక్క రాత్రి, ఒక్క గొంతు... చెవి కోసమే పుట్టినట్టున్న నవల. పేర్లు రాసుకునే పనే లేదు.

దీన్ని మా మిత్రుని కొడుకు చదివి ఇచ్చాడు. వాళ్ల అమ్మది మదనపల్లె వైపు, కాబట్టి ఆ పలుకుబడి అతనికి సహజం. అమ్మకు పదింట రెండు మాటలు అర్థం కాలేదు. అర్థం కానివాటిని అడగనూ లేదు. రాత్రి పదకొండు దాటినా 'ఆపు' అనలేదు. అయిపోయాక చాలాసేపటికి, 'ముసలోనికి ఇంట్ల ఎవ్వరున్నరు?' అని మాత్రం అడిగింది. తన యాస కాకపోయినా, ఎవరో ఒకరి నోటి మాటైతే చాలన్నమాట.

ఐదింటిలో మొదట ఏది చదవమంటారని అడిగితే, కళ్లున్నవారికి 'జిగిరి'. ఇంట్లో కళ్లు అలసిన పెద్దవాళ్లుంటే కేశవరెడ్డి నవల తీసుకుని మీరే చదివి వినిపించండి. నాలుగైదు సాయంత్రాల పని. 'చిల్లర దేవుళ్లు' ఎవరి గొంతులో వింటారో ముందు ఐదు నిమిషాలు చూసుకుని మొదలుపెట్టండి. 'వేయిపడగలు' సెలవులకు దాచుకోండి. 'ప్రజల మనిషి' చదివేటప్పుడు ఉపన్యాసాల దగ్గర కొంచెం వేగంగా నడిచినా తప్పులేదు, రచయిత ఏమీ అనుకోరు.

వచ్చే నెలకు 'గంగు' మొదలైంది. మా అమ్మాయి ముందుమాట కూడా చదివి పంపింది. అమ్మ అది వద్దంది. కథలోకి పొమ్మంది.