తక్కువ అంకె తెచ్చే కబురు

పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖపట్నానికి ఓడ ప్రయాణం దాదాపు మూడు రోజులు. 2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన ఆ పట్టణంలో, శ్రీకాకుళం ప్రాంతం నుంచి వలస వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. వారిలో ఎవరి మూత్రపిండాలైనా పూర్తిగా చెడిపోతే, స్వగ్రామానికి సముద్రమార్గాన పోవడమే సాహసమవుతుంది. వారానికి మూడు మార్లు జరగవలసిన రక్తశుద్ధి, ఓడ తీరం చేరేదాకా ఆగదు.

అక్కడి గోవింద వల్లభ పంత్ ఆసుపత్రిలో డయాలిసిస్ సౌకర్యం ఉంది. అయితే యంత్రం చేయగలిగినది కొంతే. మిగిలినది ఇంటి వంటగదిలో జరగాలి. ఆ సంగతిని తెలియజేసేది రక్తపరీక్ష నివేదిక.

1960లో సియాటిల్ వైద్యుడు బెల్డింగ్ స్క్రిబ్నర్ రోగి చేతికి అమర్చి ఉంచగల గొట్టాన్ని రూపొందించాడు. దాని సాయంతో క్లైడ్ షీల్డ్స్ అనే రోగి మరి పదకొండేళ్ళు జీవించాడు. దీర్ఘకాలం డయాలిసిస్‌పై బ్రతకడం సాధ్యమని తేలిన పిమ్మట మరొక ప్రశ్న ఉదయించింది: ఒకే చికిత్స పొందుతున్నా కొందరు త్వరగా మరణిస్తున్నారెందుకు?

1990లో అమెరికాలో లౌరీ, లూ అనే పరిశోధకులు 12,000 మందికి పైగా రోగుల రక్తపరీక్షలను పరిశీలించారు. అన్నిటికంటె స్పష్టంగా ప్రమాదాన్ని సూచించినది ఆల్బుమిన్ అనే మాంసకృత్తు. డెసిలీటరు రక్తరసంలో అది 4 గ్రాములకంటె తగ్గేకొద్దీ మరణభయం పెరిగింది. మరొక వింత కూడా బయటపడింది. క్రియాటినిన్ తక్కువగా ఉన్నవారికే ముప్పు ఎక్కువ! క్రియాటినిన్ పుట్టేది కండరాలలో. కనుక డయాలిసిస్ రోగిలో అది తగ్గితే ఇంటివారు సంతోషిస్తారు గాని, తరచు దాని అర్థం కండ కరిగిపోతున్నదనే.

ఇక్కడే మన పథ్యం అడ్డు వస్తుంది. వ్యాధి తొలిదశలో మాంసకృత్తులు తగ్గించమని వైద్యుడు చెప్పిన మాటను, డయాలిసిస్ మొదలైన తరువాత కూడా ఎన్నో కుటుంబాలు భక్తితో పాటిస్తాయి. నిజానికి అప్పటినుంచి అవసరం పెరుగుతుంది. శరీరపు బరువులో కిలోకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అరవై కిలోల మనిషికి అరవై గ్రాములకు తక్కువ కారాదు. గ్రుడ్డులోని తెల్లసొన, తాజా చేప ఇందుకు శ్రేష్ఠం. ఉప్పుచేప వద్దు. ద్వీపాలలో విరివిగా దొరికే కొబ్బరినీళ్ళు పొటాషియం కారణంగా గుండెకే ప్రమాదం తేగలవు.

ఆల్బుమిన్ తగ్గడానికి తిండి లోపమొక్కటే కారణం కాదు. శరీరంలో దాగిన చీము, వాపు కూడా దానిని తగ్గిస్తాయి. సి-రియాక్టివ్ ప్రోటీన్ పరీక్ష ఆ గుట్టు బయటపెడుతుంది.

నివేదికలోని అంకె జాతకం కాదు. సకాలంలో అందిన కబురు. ఈసారి నివేదిక చేతికి రాగానే "క్రియాటినిన్ తగ్గిందా?" అని అడిగి ఊరుకోక, "ఆల్బుమిన్ ఎంత ఉంది? పథ్యం మార్చాలా?" అని కూడా వైద్యుని అడగడం మేలు.