రేడియో గదిలో లెక్కల పాఠము

ఉపగ్రహముల గమనమును లెక్కించుట ప్రభుత్వముల పని యనియు, విలువైన యంత్రములు లేనివారికి అది సాధ్యము కాదనియు మనలో పలువురు తలచుచున్నారు. ఆ తలంపు సరికాదని నా యభిప్రాయము. ఇందుకు ఇంగ్లండులోని కెట్టరింగు గ్రామరు స్కూలే సాక్ష్యము.

అచ్చట భౌతికశాస్త్రము బోధించిన జెఫ్రీ పెర్రీగారును, రసాయనశాస్త్రోపాధ్యాయుడును రేడియో అభ్యాసము గలవాడును అగు డెరెక్ స్లేటరుగారును, విద్యార్థులతో గూడి సోవియట్ ఉపగ్రహముల సంకేతములను రిసీవరుతో విని, ఆ వేళలను వ్రాసియుంచిరి.

ఈ విద్యలో గూఢమేమియు లేదు. రైలుబండి ఈల వేయుచు మనలను దాటిపోవునపుడు ఆ స్వరము దిగుట మన మెరుగుదుము. ఉపగ్రహపు రేడియో స్వరమును అట్లే దిగును. మిక్కిలి వేగముగా దిగిన క్షణమే అది మనకు అతిసమీపమున నున్న క్షణము. వరుసగా వచ్చిన అట్టి రెండు క్షణముల నడిమి కాలము సుమారుగా ప్రదక్షిణకాల మగును. అది 90 నిమిషము లనుకొందము. భూమి నిమిషమునకు నాల్గవవంతు డిగ్రీ తూర్పునకు తిరుగును గనుక, తరువాతి ప్రదక్షిణమున ఉపగ్రహమార్గము 22½ డిగ్రీలు పడమరకు జరుగును. ఈ గుణకారము ఎనిమిదవ తరగతి బాలునకు కష్టము కాదు, ఓపికయే కష్టము.

1966 మార్చిలో పైకి పోయిన కాస్మోసు 112 మార్గము పూర్వపు వాటికి భిన్నముగా నుండెను. దాని మార్గమును, తరువాత వచ్చిన వాటి మార్గములను వెనుకకు పొడిగించి పటముపై గీయగా, అవి కలిసిన చోట సోవియట్ ప్రభుత్వము వెల్లడింపని ప్రయోగకేంద్ర మొకటి గలదని తేలెను. అదియే ప్లెసెట్స్కు. బడిపిల్లలు కనిపెట్టిన సంగతి గదా యని ఎవరును త్రోసివేయలేకపోయిరి.

నేడు అమెచ్యూరు రేడియోవారు కక్ష్యాంకములను కంప్యూటరున కిచ్చి, యాంటెన్నాను ఎప్పు డే దిక్కునకు త్రిప్పవలెనో తెలిసికొనుచున్నారు. వారిని నేను నిందింపను. తక్కువ ఎత్తున తిరుగు ఉపగ్రహము వారికి చిక్కునది పది పదునైదు నిమిషములే. ఐనను బడిలో ఆ పట్టికను ముందుగా చేతి కిచ్చుట, నల్లబల్లపై జవాబు వ్రాసి పిదప లెక్క చెప్పుటవంటిది. విద్యార్థి తాను లెక్కించిన వేళను కాగితముపై వ్రాసి రిసీవరు ముందు కూర్చుండవలెను. స్వరము వినబడనియెడల తప్పెచ్చటనో తానే వెదకవలెను. మార్కులకై తప్పును దాచు అలవాటు మన తరగతులలో పాతుకొన్నది. దానిని పెంచినవారిలో నేనును ఒకడను. రిసీవరు ముందు అది సాగదు.

అంతర్జాతీయ అంతరిక్షకేంద్రము సుమారు 93 నిమిషముల కొక ప్రదక్షిణము చేయుచున్నది. దానియందు అమెచ్యూరు రేడియోయు కలదు. వచ్చు సంవత్సరము ప్రయోగశాలకై వ్యయపరచు ధనములో కొంత ఒక రిసీవరునకును, సరియైన గడియారమునకును కేటాయింపవలెనని పాఠశాల పెద్దలకు నా మనవి. నోటుపుస్తకమును నేనే తెచ్చెదను.