పట్నంలో పాము సరదా - మన్యానికి తంటా

అరకులోయ: కొండచిలువ అంటే మన్యంలో మేకపిల్లల్ని, కోళ్లను మింగే పాము. పట్నాల్లో కొందరికి అది అపార్ట్‌మెంటులో అద్దాల పెట్టెలో పెంచుకొనే సరదా. అయితే వారు పెంచేది ఎక్కువగా ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్. మూడు నుండి అయిదు అడుగులుంటుంది. బెదిరితే తల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. అందుకే ఆ పేరు.

విషం లేదు గదా అని ఇరుకు యింట్లో వుంచితే అది సుఖపడదు. పాముకు బయటికి చెవులు లేకపోయినా నేల అదురు ఒంటికి తెలుస్తుంది. మిక్సీ, లిఫ్టు, పై అంతస్తులో పిల్లల పరుగులు - రోజంతా అదురే. దాగడానికి చీకటి చోటు, తగిన వెచ్చదనం లేకపోతే వారాల తరబడి మేత ముట్టదు. ఇటువంటి విదేశీ జీవులను 2024 నిబంధనల ప్రకారం నమోదు చేయించాలి. చేతులు మారినా, చచ్చినా తెలపాలి.

అసలు చిక్కు వేరే వుంది. ఆఫ్రికా పాము కొనలేనివాడు మన్యం పాముకు బేరం పెట్టవచ్చు. మన కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటవ షెడ్యూలులో వున్నది. పట్టినా, అమ్మినా నేరం రుజువైతే మూడు నుండి ఏడేళ్ల జైలు, పైగా జరిమానా. కొన్న పట్నం బాబు ప్లీడరును పెట్టుకుంటాడు. పట్టి యిచ్చిన గిరిజనుడికి జామీనుకు నిలిచేదెవరు?

పొలంలో కొండచిలువ కనబడితే కర్ర ఎత్తకుండా, గోనెలో వేయకుండా అటవీ సిబ్బందికి కబురు చేయాలి. మేకపిల్ల పోయిన రైతు పరిహారం ఎవరిని అడగాలో అటవీ అధికారులు సంతల్లో చాటింపు వేయించవలసి వుంది.