చల్లనీటి లోచ్‌లను ఒకే గాటన కట్టొద్దు

లోచ్‌లు చల్లనీటి చేపలు, గోల్డ్‌ఫిష్ కూడా చల్లనీటి చేపే, కాబట్టి రెండూ ఒకే ట్యాంకులో హాయిగా బతుకుతాయని అక్వేరియం షాపుల్లో చెబుతుంటారు. పైగా లోచ్ పాచి తిని అద్దాలు శుభ్రం చేస్తుందట. థర్మామీటరులో అంకె కలిస్తే చేపలకు పొత్తు కుదిరినట్టేనన్న ఈ లెక్క తప్పు. దీనివల్ల చేపలు చస్తున్నాయి.

లోచ్‌లలోనే రెండింటిని చూడండి. సెవెలియా లీనియోలాటా మధ్య వియత్నాం కొండవాగుల్లో పుట్టింది. ఆరు సెంటీమీటర్ల బల్లపరుపు ఒళ్లు. రొమ్ము రెక్కలు, పొట్ట రెక్కలు వెడల్పుగా పరుచుకుని దాన్ని బండకు అతుక్కునేలా చేస్తాయి, ఉరవడి ఎంతున్నా పట్టు జారదు. వెదర్ లోచ్ తీరు పూర్తిగా వేరు. అది తూర్పు ఆసియా వరిమళ్లలో, బురద కాలువల్లో పెరిగే చేప. ఇరవై సెంటీమీటర్లు దాటుతుంది. నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే పైకొచ్చి గాలి మింగి పేగులతో పీల్చుకుంటుంది. దానికి దూరి పడుకోవడానికి మెత్తని ఇసుక కావాలి, దూకి బయట పడకుండా బిగువైన మూత కావాలి. ఒకదానికి సుఖమైన ట్యాంకు రెండోదానికి శిక్ష. రెండిటికీ చల్లదనం నచ్చుతుందన్న ఒక్క మాటతో ఈ తేడా చెరిగిపోదు.

సెవెలియా లాంటి కొండవాగు లోచ్‌కు చల్లదనం ఎందుకో కూడా తెలియాలి. అసలు సంగతి ప్రాణవాయువు. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది, అదీ నీరు శుభ్రంగా ఉంటేనే. గోల్డ్‌ఫిష్ విపరీతంగా తిని, విపరీతంగా మలినం వదిలే చేప. పైగా గుండ్రని ఒంటి ఫ్యాన్సీ రకాలు ఉరవడిలో ఈదలేవు. వాటి కోసం పంపు తగ్గిస్తే లోచ్‌కు ఊపిరాడదు.

శుభ్రం చేస్తుందన్న మాట మరీ అన్యాయం. కొండవాగు లోచ్ తినేది రాళ్ల మీది పాచిని, అందులో బతికే సన్నని పురుగులను. చేపల మలం తినదు. తళతళలాడే కొత్త ట్యాంకులో వేస్తే మెల్లగా ఆకలితో చస్తుంది.

దీనికి ఎత్తుకన్నా పొడవు, వెడల్పు ముఖ్యం. మూడడుగుల ట్యాంకు, ఒక కొసన నీటిని బలంగా తోసే పవర్‌హెడ్, దాని నోటికి స్పాంజి, నున్నని గుండ్రాళ్లు, వాటి మీద పాచి పట్టేంత వెలుతురు ఉండాలి. జాగా కోసం పోట్లాడుకున్నా నాలుగైదింటిని కలిపి పెంచడమే మేలు. తోడుగా చైనాలోని బైయున్ కొండ వాగుల్లో దొరికిన వైట్ క్లౌడ్ మినోలు, మన దేశపు వాగుల్లోనే తిరిగే జీబ్రా డానియోలు సరిపోతాయి. రెండూ నీటి పైభాగంలో ఈదుతాయి, లోచ్ జోలికి రావు.

మే నెలలో హైదరాబాద్‌లో, విజయవాడలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఇంట్లోని ట్యాంకు నీళ్లూ వేడెక్కుతాయి. నీటి మీదికి ఫ్యాన్ పెడితే కొంత తగ్గుతుంది గానీ కోస్తా ఉక్కపోతలో అదీ అంతంతమాత్రమే. చిల్లర్ గానీ, పగలూ రాత్రీ ఏసీ నడిచే గది గానీ లేనివాళ్లు దయచేసి కొండవాగు లోచ్‌ను కొనొద్దు. జీబ్రా డానియోల గుంపును పెంచుకోండి. షాపువాళ్లు కూడా అమ్మేముందు వేసవిలో నీళ్లు ఎన్ని డిగ్రీలకు చేరతాయో కొనేవాళ్లను అడిగి, 25 దాటుతాయంటే ఇవ్వకండి.