ఇల్లు - పొలం: తుపాకి గొట్టానికి తుప్పు పట్టకుండా

ఇల్లందు మొదలు భద్రాచలం దాకా అడవి అంచున సేద్యం చేసే కుటుంబాలకు అడవి పందుల బెడద కొత్త కాదు. పంట కాపలా కోసం, మూతి నుండి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు 1959 నాటి ఆయుధాల చట్టంలో వుంది. లైసెన్సు వున్నవారు సైతం గొట్టం శుభ్రతను అశ్రద్ధ చేస్తుంటారు. తుప్పు తిన్న గొట్టం పగిలితే పోయేది పట్టుకున్నవాని చెయ్యో, కన్నో!

తుపాకి మందులో సురేకారం, గంధకం, బొగ్గుపొడి వుంటాయి. అది కాలినప్పుడు అంతా పొగై పోదు. ఉప్పులూ, మసీ గొట్టం లోపల అంటుకుంటాయి. ఈ ఉప్పులు గాలిలోని చెమ్మను లాగుతాయి. వానాకాలంలో ఒక్క రాత్రికే తుప్పు మొదలవుతుంది. చాలామంది కిరసనాయిలుతో తుడిచి ఊరుకుంటారు. కిరసనాయిలులో ఉప్పు కరగదు. నీళ్ళలోనే కరుగుతుంది.

కనుక ఇలా చేయండి:

1. ముందుగా మందు వున్నదీ లేనిదీ చూడండి. మూతికి ఎదురుగా నిలబడకుండా గజం లోపలికి దించి, మూతి దగ్గర గుర్తు పెట్టండి. తీసి గొట్టం పైన ఆనించి కొలవండి. గజం అడుగుదాకా చేరకపోతే లోపల మందు వున్నట్టే. దానిని లైసెన్సు వున్న మరమ్మతుదారు చేతనే తీయించాలి.

2. కాల్చిన రోజే వేడి నీళ్ళు, సబ్బుతో గుడ్డ నల్లబడనంతవరకు కడగండి.

3. పొడి గుడ్డతో బాగా తుడిచి ఆరనివ్వండి.

4. కుట్టుమిషను నూనె పలుచగా పూయండి. మళ్ళీ కాల్చేముందు ఆ నూనె తుడిచివేయాలి.

పోలీసులు వాడిన .303 రైఫిలు గొట్టంలో మెలితిరిగిన గాడులుంటాయి. దానిని తాడుకు కట్టిన గుడ్డతో, వెనుకనుండి మూతివైపుకు లాగి తుడిచేవారు. మూతి అరిగితే గురి తప్పుతుంది.

తుపాకిని గుడ్డసంచిలో చుట్టి మూల పెట్టకండి. సంచి చెమ్మ పట్టుకుంటుంది. వానాకాలంలో పదిహేను రోజులకొకసారి తీసి చూడండి. కందిరీగ మట్టిగూడు పెట్టినా గొట్టం పగలవచ్చు. ఎన్నికలప్పుడు స్టేషనులో అప్పగించే ముందు, తిరిగి తెచ్చుకున్న తరువాత కూడా శుభ్రం చేయండి.

తుపాకి లైసెన్సు వేటకు అనుమతి కాదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం వేరుగా వుంది. అటవీ అధికారులను అడగనిదే జంతువును కాల్చరాదు. తుపాకి ఒకచోట, మందు వేరొకచోట తాళం వేసి వుంచండి. తాళంచెవి పిల్లలకు అందనీయకండి.